స్కాలర్‌షిప్ ఆగితే ముందు ఎక్కడ ఆగిందో పట్టుకోండి

ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదనగానే చాలామంది నేరుగా కలెక్టరేట్‌కు పోతారు, లేదంటే ఎవరో తెలిసినాయన పైన మాట్లాడి చేయిస్తానంటే ఆయన చేతిలో డబ్బు పెడతారు. మొదటిది అప్పుడే వద్దు, రెండోది ఎప్పుడూ వద్దు. అప్లికేషన్ ఎవరి లాగిన్‌లో ఆగిందో తెలియకుండా ఏ ఆఫీసుకు పోయినా "కాలేజీలో అడుగు", "సచివాలయంలో అడుగు" అని తిప్పి పంపిస్తారు. ఆదోని నుంచి కర్నూలుకో, రాయదుర్గం నుంచి అనంతపురానికో, జమ్మలమడుగు నుంచి కడపకో వచ్చిపోవాలంటే బస్సు ఛార్జీలతో పాటు అమ్మదో నాయనదో ఒక రోజు కూలి కూడా పోతుంది కాబట్టి, కదిలే ముందు కాస్త తెలుసుకుని కదలండి.

డిగ్రీ, పాలిటెక్నిక్, బీటెక్, బీఫార్మసీ లాంటివి చదివేవాళ్లకు మన ఆంధ్రప్రదేశ్‌లో వచ్చేవి రెండు. కాలేజీ ఫీజుది ఆర్‌టీఎఫ్, హాస్టల్, మెస్ ఖర్చులది ఎంటీఎఫ్. మధ్యలో కొన్నేళ్లు వీటినే విద్యా దీవెన, వసతి దీవెన అన్నారు. రెండూ జ్ఞానభూమి అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే నడుస్తాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షల లోపు ఉండాలి, సీటు కన్వీనర్ కోటాలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో, వచ్చి ఉండాలి, హాజరు 75 శాతం ఉండాలి. మేనేజ్‌మెంట్ కోటాలోనో దూరవిద్యలోనో చేరినవాళ్లకు ఇవి రావు, ఎవరు ఏం మాట ఇచ్చినా సరే.

అప్లికేషన్ ముందు కాలేజీలో మొదలవుతుంది, తర్వాత మీ ఇంటి దగ్గరి సచివాలయంలో వేలిముద్ర, వివరాల పరిశీలన, ఆ తర్వాత సంక్షేమ శాఖ మంజూరు, చివరికి బిల్లు, డబ్బు జమ. జ్ఞానభూమిలో స్టేటస్ చూసుకోండి, అప్లికేషన్ నంబర్, టెన్త్ హాల్‌టికెట్ నంబర్, పాసైన సంవత్సరం దగ్గర పెట్టుకుంటే పని త్వరగా అవుతుంది. అక్కడ కనిపించే మాటను ఉన్నది ఉన్నట్టు స్క్రీన్‌షాట్ తీసుకోండి. "పెండింగ్ అని వస్తోంది సార్" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, ఎవరి దగ్గర పెండింగ్ అన్నదే కావాలి. మంజూరైంది కానీ డబ్బు పడలేదు అని ఉంటే, మీ క్లాసులో మీ కేటగిరీ వాళ్లనే ఇద్దరు ముగ్గుర్ని అడగండి. ఎవరికీ పడలేదంటే నిధులే విడుదల కాలేదని అర్థం, అప్పుడు ఒక్కరే తిరగడం దండగ, అందరూ కలిసి అర్జీ ఇవ్వాలి. వాళ్లందరికీ పడి మీకొక్కరికే ఆగితే తప్పు మీ వివరాల్లో ఎక్కడో ఉంది, అది వెతికి పట్టుకోవచ్చు.

అందులో మొదట చూడాల్సింది పేరు. మన వైపు ఒక కాగితంలో ఇంటిపేరు, ఇంకో కాగితంలో కులం పేరు ముందు పెట్టి రాసే అలవాటు ఉంది. టెన్త్ మెమోలో కురువ మల్లికార్జున, ఆధార్‌లో కె. మల్లికార్జున, బ్యాంకు పుస్తకంలో ఉత్త మల్లికార్జున అని ఉంటే మనిషికి ముగ్గురూ ఒకరేనని తెలుస్తుంది గానీ కంప్యూటర్‌కు తెలియదు. టెన్త్ మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి సరిపోయేలా మార్పించండి, ఎందుకంటే మెమో మార్చడం చాలా పెద్ద పని. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చుకోనిస్తారు, పుట్టినతేదీ ఒక్కసారే. అందుకే ఆధార్ సెంటర్‌లో ఆపరేటర్ టైపు చేసింది అక్షరం అక్షరం చదివిన తర్వాతే సరే అనండి, రసీదు జాగ్రత్తగా పెట్టుకోండి. మార్పు ఎంతవరకు వచ్చిందో 1947 నంబర్‌కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు.

జిల్లా పేరు చూసి కూడా చాలామంది టెన్షన్ పడతారు. 2022 ఏప్రిల్ 4న కర్నూలు నుంచి నంద్యాల, అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి, కడప నుంచి అన్నమయ్య జిల్లాలు విడిపోయాయి కదా, పాత సర్టిఫికెట్లలో పాత జిల్లానే ఉంటుంది. అంతమాత్రాన కుల ధ్రువీకరణ పత్రం పనికిరాకుండా పోదు. ఇంటికి సంబంధించిన వివరం, అంటే ఆదాయం, భూమి, కుటుంబ సభ్యులు, ఇవన్నీ ఇప్పుడు మీరుంటున్న ఊరి సచివాలయంలో చూసుకోవాలి. కోర్సు, సంవత్సరం, ఫీజు, హాజరు కాలేజీలో. హిందూపురం పిల్ల అనంతపురంలో చదువుతుంటే తప్పును బట్టి ఆ రెండు చోట్లలో ఏదో ఒక చోటికి పోవాలి, ఊరికే రెండు చోట్లా తిరగక్కర్లేదు.

ఎక్కువ మంది ఏడ్చేది మాత్రం "అనర్హులు" అని వచ్చినప్పుడు. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ను "ఏ కారణం చూపిస్తోంది సార్, చూసి చెప్పండి" అని అడగండి, కారణం చెప్పేదాకా లేవకండి. ఇంట్లో ఎవరికో ప్రభుత్వ ఉద్యోగం ఉన్నట్టో, ఆదాయపు పన్ను కట్టినట్టో, కారు ఉన్నట్టో, భూమి ఎక్కువున్నట్టో చూపిస్తుంది. పెళ్లయి వేరుగా ఉంటున్న అన్నకు ఉద్యోగముంటే, ఆయన పేరు ఇంకా మీ కుటుంబంలోనే నమోదై ఉందేమో చూడాలి, ఉంటే ముందు ఆ విడదీసే పని చేయించాలి. కారు ఎప్పుడో అమ్మేసినా ఆర్‌సీ కొన్నవాళ్ల పేరు మీదికి మారకపోతే రికార్డులో అది మీదే, ఆ పని రవాణా శాఖ ఆఫీసులో. ట్రాక్టర్, ఆటో, ట్యాక్సీ ఉన్నా ఇబ్బంది లేదని 2019లో విద్యా దీవెనకు పెట్టిన నిబంధనల్లోనే ఉంది. మాగాణి 10 ఎకరాలు, మెట్ట 25 ఎకరాలు అన్న లెక్క కూడా అందులోదే. ఇక్కడ గొడవ ఎక్కడొస్తుందంటే, మన దగ్గర వాన మీద ఆధారపడిన మెట్ట చేను ఎక్కువ, అది రికార్డులో మాగాణి కింద పడినా, పెదనాయన భూమి మీ నాయన ఆధార్‌కు తగిలించినా లెక్క తలకిందులవుతుంది. ముందు వీఆర్వోను కలిసి, వన్‌బీ, అడంగల్ అనే భూమి రికార్డుల కాపీలు పెట్టి, తహసీల్దార్ ఆఫీసులో అర్జీ ఇవ్వండి. పన్ను విషయంలో, లోన్ కోసమని రిటర్న్ వేసినంత మాత్రాన పన్ను కట్టినట్టు కాదు, కట్టింది సున్నా అని కనిపించే ఆ రిటర్న్ కాపీయే మీకు సాక్ష్యం.

వేలిముద్ర దగ్గర ఆగేవాళ్లు కూడా చాలామంది. చిన్నప్పుడు ఆధార్ తీసుకున్న పిల్లలు 15 ఏళ్లు నిండాక వేలిముద్రలు మళ్లీ ఇవ్వాలి, అది చేయించుకోకపోతే ఇంటర్ అయ్యి డిగ్రీకి వచ్చేసరికి మిషన్ ఒప్పుకోదు. తల్లి వేలిముద్ర అడిగినప్పుడు సంగతి వేరే. చేలల్లో పనిచేసి చేతులు అరిగిపోయినవాళ్లను సిబ్బంది "పడట్లేదమ్మా, రేపు రా" అని పంపేస్తారు, ఆమె రేపు కూడా అవే చేతులతో వస్తుంది. కంటిపాప, ముఖం, ఓటీపీ, వీటిలో ఏది వీలైతే అది చేయమని గట్టిగా అడగండి. కోసిగి, మంత్రాలయం వైపు నుంచి సుగ్గికి, అంటే కూలి పనులకు వలస, పోయే కుటుంబాలైతే, గుంటూరు మిరప కోతలకు బండి ఎక్కకముందే సచివాలయంలో ఈ పని ఉందో లేదో అడిగి ముగించుకోండి, పోయాక ఆమెను వెనక్కి పిలిపించడం కష్టం, ఖర్చు.

ఇక బ్యాంకు, అంటే కాలేజీకి కాకుండా మీ ఖాతాకో అమ్మ ఖాతాకో పడే డబ్బు సంగతి. ఆధార్ ఇచ్చాం కాబట్టి డబ్బు ఈ ఖాతాలోనే పడుతుందని అనుకోకండి. ఆధార్ ద్వారా వేసే డబ్బు బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ దగ్గర చివరగా నమోదైన ఖాతాకే పోతుంది. సిమ్ కార్డు షాపులో తెరిచిన పేమెంట్స్ బ్యాంకు ఖాతా అయినా, ఏదో యాప్‌లో తెరిచి మర్చిపోయింది అయినా సరే. మైఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంకు సీడింగ్ (ఖాతాను ఆధార్‌కు ముడిపెట్టడం) స్టేటస్ అని ఉంటుంది, ఓటీపీతో చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. పడలేదనుకున్న డబ్బు ఆ పాత ఖాతాలో దొరికిన వాళ్లున్నారు. ఖాతా మార్చుకోవాలంటే మీకు కావలసిన బ్యాంకు బ్రాంచికి పోయి ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వండి, సంతకం పెట్టిన రసీదు కాగితం అడిగి తీసుకోండి.

మన జిల్లాలకు ఇంకో విషయం ఉంది. కడప హెడ్ ఆఫీసుగా ఉన్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మిగతా మూడు గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. అమ్మకు ప్రగతి బ్యాంకు పుస్తకమే ఉంటే బ్రాంచికి పోయి కొత్త పుస్తకం, ఇప్పటి ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ అడగండి, పాత పుస్తకం చూసి ఫారం నింపకండి. చాన్నాళ్లుగా లావాదేవీ లేక ఖాతా నిద్రలో ఉంటే కేవైసీ ఇచ్చి లేపుకోవాలి. ఎస్సీ విద్యార్థులకైతే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రం వాటా 40 శాతం, కాబట్టి ఒక భాగం పడి ఇంకో భాగం పడకపోవచ్చు, రెండూ విడివిడిగా చూసుకోండి, విద్యార్థి సొంత ఖాతాకు ఆధార్ సీడింగ్ తప్పకుండా ఉండాలి.

ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదని హాల్‌టికెట్ ఆపుతామని, సర్టిఫికెట్లు ఇవ్వమని కాలేజీ అంటే భయపడి వడ్డీకి అప్పు తేవద్దు, ముందు రాతపూర్వకంగా అడగండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు తమ దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. ప్రిన్సిపాల్‌కు ఉత్తరం, అక్కడ కుదరకపోతే మీ కాలేజీ ఏ యూనివర్సిటీ కిందుంటే దానికి, అంటే జేఎన్‌టీయూ అనంతపురం, శ్రీకృష్ణదేవరాయ, యోగి వేమన, రాయలసీమ యూనివర్సిటీల్లో ఏదైతే దానికి. తప్పనిసరై సొంత డబ్బు కట్టాల్సి వస్తే రసీదు మీద ట్యూషన్ ఫీజు అని, ఏ విద్యా సంవత్సరానిదో రాయించుకోండి, రేపు ప్రభుత్వం అదే ఫీజు కాలేజీకి వేసినప్పుడు మీ డబ్బు వెనక్కి అడగడానికి అదొక్కటే ఆధారం. తెల్లకాగితం మీద రాసిచ్చింది పనికిరాదు.

నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వేసినవాళ్లకు దారి వేరు. అక్కడ "డిఫెక్టివ్" అని వస్తే అది తిరస్కరణ కాదు, కాలేజీ నోడల్ ఆఫీసర్ తప్పు చూపించి వెనక్కి పంపారని అర్థం, గడువులోపు సరిచేసి మళ్లీ సబ్మిట్ చేయాలి. చాలామంది మెసేజ్ చూసుకోక అక్కడే పోగొట్టుకుంటారు. ఇంటర్‌లో మంచి మార్కులొచ్చిన వాళ్లకిచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ డిగ్రీలో ఏడాదికి 12,000, పీజీలో 20,000, ఆదాయం 4.5 లక్షల దాకా ఉండొచ్చు. కానీ ఫీజు రీయింబర్స్‌మెంట్ తీసుకుంటూ దీన్ని తీసుకోకూడదు. కన్వీనర్ సీటులో బీటెక్ చదివేవాళ్లకు ఆర్‌టీఎఫే మేలు, ప్రభుత్వ కాలేజీలో తక్కువ ఫీజుతో బీఎస్సీ చదివేవాళ్లు మాత్రం రెండూ లెక్క వేసుకుని చూడండి. డిప్లొమా, బీటెక్ మొదటి ఏడాదిలో చేరిన ఆడపిల్లలు సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్ నిబంధనలు కూడా చదవండి, అది ఏడాదికి 50,000.

ఇన్ని చేసినా కదలకపోతే అప్పుడు కాగితం పట్టుకోండి. కాలేజీ, సచివాలయం తర్వాత మీ కేటగిరీ శాఖ జిల్లా ఆఫీసు, ఎస్సీలకు సాంఘిక సంక్షేమం, ఎస్టీలకు గిరిజన సంక్షేమం, బీసీలకు బీసీ సంక్షేమం, ముస్లింలు, ఇతర మైనారిటీలకు మైనారిటీ సంక్షేమం. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఆ తర్వాత. 1100కు ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదు చేస్తారు. అర్జీలో కష్టాలన్నీ రాయాలనిపిస్తుంది, రాయకండి, చదివే అధికారికి పని తేలికయ్యేలా ఇలా రాయండి:

"అయ్యా, నేను ఫలానా కాలేజీలో బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. నా జ్ఞానభూమి అప్లికేషన్ నంబర్ ఇది. మా కుటుంబానికి కారు ఉందని అనర్హత చూపిస్తోంది. ఆ కారు అమ్మేశాము, ఆర్‌సీ ఫలానా తేదీన కొన్నవారి పేరుకు మారింది, కాపీ జత చేశాను. సచివాలయంలో ఫలానా తేదీన దరఖాస్తు ఇచ్చాను, రసీదు జత చేశాను. మళ్లీ పరిశీలించి నన్ను అర్హుల జాబితాలో చేర్చగలరు."

రెండు కాపీలు తీసుకుపోయి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. వేదికలో ఇస్తే అర్జీ నంబర్ వస్తుంది. పని కాకుండానే "పరిష్కరించాం" అని మెసేజ్ వస్తే ఊరుకోకుండా అదే నంబర్ మీద మళ్లీ తెరవమని అడగండి. దానికీ కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద ఆ జిల్లా ఆఫీసు పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టి, మీ అప్లికేషన్ ఏ తేదీ నుంచి ఎవరి దగ్గర ఉంది, ఏ కారణంతో ఆపారు అని ఈ రెండే ప్రశ్నలు వేయండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాల్సి ఉంటుంది. ఇవ్వకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు వేయొచ్చు, దానికి ఫీజు లేదు.