బడి పూర్వ విద్యార్థినులకు సన్మానం చేయాలంటే

మా ఊరి బాలికల హైస్కూల్లో చదువుకుని పైకొచ్చినవాళ్లకి మేం పూర్వ విద్యార్థినులం కలిసి ఏటా సన్మానం చేస్తున్నాం. పక్క ఊళ్లవాళ్లు ఎలా చేస్తున్నారని అడుగుతుంటే మాకు తెలిసింది రాస్తున్నాను.

అన్నిటికన్నా కష్టం పేర్లు వెతకడం. మగపిల్లల్లో అయితే పదో తరగతి చదివినవాడు ఎక్కడున్నా అదే ఇంటిపేరుతో ఉంటాడు, ఫేస్‌బుక్‌లో కొడితే దొరుకుతాడు. ఆడపిల్లకి పెళ్లితో ఊరూ మారుతుంది, చాలామందికి ఇంటిపేరూ మారుతుంది, ఇప్పుడు ఆవిడ పెద్ద డాక్టరైనా ఫలానా బ్యాచ్ పిల్ల ఈవిడేనని మనకి తెలియదు. అందుకని హెడ్‌మిస్ట్రెస్ గారికి లెటర్ ఇచ్చి, అడ్మిషన్ రిజిస్టర్ చూడటానికి అనుమతి అడగండి. బడిలోనే, వాళ్ల ఎదురుగానే కూర్చుని చూడండి, పేజీలు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టొద్దు, అందులో కులం, పుట్టిన తేదీ అన్నీ ఉంటాయి. ఒక నోట్‌బుక్‌లో పుట్టింటి పేరు ఒక పక్క, ఇప్పటి పేరు ఒక పక్క రాసుకుంటూ వెళ్లండి. రెండో పక్క నింపడానికి రిటైరైన టీచర్లు, పాత అటెండరు, ఊళ్లోనే ఉండిపోయిన అన్నావదినలే దిక్కు.

పది పాసైనవాళ్లనే లెక్కలోకి తీసుకోకండి. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చిన్నప్పుడు ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేశారు, ఆడపిల్లలకి హిందీ బడి పెట్టారు, తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. మధ్యలో చదువు ఆగిపోయినా ఏదో ఒకటి సాధించినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కలెక్టరు, అమెరికాలో ఇంజినీరు అయితేనే సన్మానం అనుకుంటే ముప్పై ఏళ్లు పల్లెల్లో కాన్పులు చేసిన ఏఎన్‌ఎం మిగిలిపోతుంది.

ఎంపికకి ఐదుగురు చాలు, వేర్వేరు బ్యాచ్‌లవాళ్లు ఉండాలి, ఆ ఐదుగురూ తమ చుట్టాల పేర్లు చెప్పకూడదు. ఏడాదికి నలుగురికి మించొద్దు, వయసులో పెద్దవాళ్లకి ముందు చేయండి. డబ్బు వ్యవహారం ఉంటుంది కాబట్టి సంఘం రిజిస్టర్ చేయించుకోవడం మంచిది, 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురుంటే సరిపోతుంది. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి.

రోజు సంగతి. సంక్రాంతికి ఆడపడుచులు పుట్టింటికి వస్తారు, కానీ బడికి సెలవలు. పిల్లలు లేని బడిలో సన్మానం చేస్తే ఎవరి కోసం చేసినట్టు? మేం సెలవలు ఇచ్చే ముందు రోజు, ముగ్గుల పోటీలు పెట్టే రోజునే పెట్టుకుంటాం, దూరం నుంచి వచ్చేవాళ్లకి రెండు నెలల ముందే చెప్తాం. తెలంగాణలో అయితే సావిత్రిబాయి ఫూలే పుట్టినరోజు జనవరి 3ని మహిళా ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుతున్నారు, టీచర్లైనవాళ్లకి చేయడానికి ఆ రోజు చక్కగా కుదురుతుంది.

ముఖ్య అతిథి వద్దని నా గట్టి అభిప్రాయం. ఒక ఏడాది పెద్దాయన్ని ఒకర్ని పిలిస్తే రెండు గంటలు ఆలస్యంగా వచ్చి ముప్పావుగంట మాట్లాడారు, ఎండలో కూర్చున్న ఆరో తరగతి పిల్ల ఒకత్తి కళ్లు తిరిగి పడిపోయింది, సన్మానం అందుకోవాల్సినావిడ ఆ పిల్లకి నీళ్లు తాగిస్తూ స్టేజి కిందే ఉండిపోయారు. ఇప్పుడు స్టేజి పని ముప్పావుగంటలో ముగిస్తాం, తర్వాత ఒక్కొక్కర్నీ ఒక్కో క్లాసుకి పంపుతాం. టీచర్లు ఉండరు, మైకు ఉండదు. "మీ నాన్నగారు ఒప్పుకున్నారా ఆంటీ?", "హాస్టల్‌లో భయమేయలేదా?" లాంటి ప్రశ్నలు అక్కడే వస్తాయి, స్టేజి మీద ఎన్నడూ రావు.

సన్మాన పత్రంలో పుట్టింటి పేరు, బ్యాచ్, ఇప్పటి పేరు మూడూ వేయించండి. చదివి వినిపించేటప్పుడు పాత పేరుతోనే పిలవండి, ఆవిడ ముఖం ఎలా మారిపోతుందో చూస్తారు. ప్రింటుకి వెళ్లేముందు ప్రూఫ్ ఆవిడకే పంపి చూపించండి. బొకేలు మానేసి ఆ డబ్బు బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే, ఏటా వడ్డీతో పదిలో మంచి మార్కులొచ్చిన పిల్లకి పుస్తకాలు కొనివ్వొచ్చు.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మొదటి ఏడాది అలవాటుగా బొట్టు పెట్టి తాంబూలం ఇవ్వడం మొదలుపెట్టాం. కుంకుమ భరిణె దగ్గరికి వచ్చేసరికి ఒక రిటైర్డ్ నర్సు గారు చిన్నగా రెండడుగులు వెనక్కి వేసి, గోడకి ఆనుకుని నిలబడ్డారు. భర్త పోయి ఏడాది కాలేదట. సన్మానం ఆవిడకే, వెనక్కి తగ్గిందీ ఆవిడే. అప్పటినుంచి మేం బొట్టు తీసేశాం. అందరికీ ఒకేలా మంగళగిరి చేనేత శాలువా, పండ్లు, తాంబూలం ఇస్తాం, శాలువా ఆ బడి పిల్ల చేతే కప్పిస్తాం. పిల్లకి ఎత్తు సరిపోకపోతే ఒక స్టూల్ ముందే తెచ్చి పెట్టుకోండి.