ఇంటి అవసరాలకు ట్రాక్ సా: వైరుదా, బ్యాటరీదా? ఎలా ఎంచుకోవాలి?

ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీట్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు గీత తప్పకుండా కోయడం, ఇంట్లో సొంతంగా చెక్కపని చేసుకునేవారికి అన్నిటికన్నా కష్టమైన పని. ట్రాక్ సా, అంటే పట్టా మీద జారుతూ కోసే మోటారు రంపం, ఆ కష్టాన్ని తీరుస్తుంది. అల్యూమినియం ట్రాక్‌ను పెన్సిల్ గీతకు ఆనించి పెట్టి, దాని మీద రంపాన్ని నడిపిస్తే చేతి వణుకు కోతలోకి రాదు. దానిని ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రమే వాడేవారు, ప్లగ్గులో పెట్టి నడిపేది కొనాలా, బ్యాటరీతో నడిచేది కొనాలా అని కొనేముందు తప్పక తటపటాయిస్తారు. నా అభిప్రాయం ముందే చెబుతాను: ఇంట్లో ఇప్పటికే బ్యాటరీ పనిముట్లు లేనివారికి వైరున్న రంపమే మేలు. అయితే ఈ మాట అందరికీ వర్తించదు కాబట్టి, కింది వరుసలో ఆలోచించి ఎవరికి వారు తేల్చుకోవడం మంచిది.

1. కోయవలసినదంతా కాగితం మీద లెక్క వేయండి

అడుగు లోతున్న పుస్తకాల అల్మారా ఒకటి చేయాలనుకుందాం. 8×4 అడుగుల షీట్లు రెండు కావాలి. ఒక్కో షీట్‌ను నిలువుగా నాలుగు పట్టీలు చేయడానికి మూడు కోతలు, అంటే 24 అడుగులు పడతాయి. రెండు షీట్లకు 48 అడుగులు. (ప్రతి కోతకూ బ్లేడు రెండు మిల్లీమీటర్ల పైచిలుకు చెక్కను తినేస్తుంది కాబట్టి పట్టీ వెడల్పు నిండు అడుగు రాదు. ఇది మరచిపోయి అరల కొలతలు వేసుకుంటే చివరి పట్టీ సన్నబడుతుంది.) అరల కోసం అడ్డంగా అడుగేసి పొడవున మరో 14 కోతలు అనుకుంటే మొత్తం 62 అడుగులు. 18 మి.మీ. ప్లైవుడ్‌లో తొందరపడకుండా నిమిషానికి ఎనిమిదడుగుల చొప్పున నడిపినా, రంపం నిజంగా కోసే సమయం ఎనిమిది నిమిషాల లోపే. మిగిలిన రోజంతా కొలవడానికీ, గీయడానికీ, ట్రాక్ సర్దడానికీ, ముప్పై కిలోలకు పైగా బరువుండే షీట్‌ను ఇద్దరు పట్టుకుని తిప్పడానికీ సరిపోతుంది.

ఇప్పుడు బ్యాటరీ లెక్క చూద్దాం. 18 వోల్టుల, 5 ఆంపియర్ అవర్ బ్యాటరీలో 90 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. మకిటా డీఎస్‌పీ600, ఫెస్టూల్ టీఎస్‌సీ 55 వంటి రంపాలు 18 వోల్టుల బ్యాటరీలు రెండేసి పెట్టుకుంటాయి కాబట్టి మొత్తం 180 వాట్ అవర్లు. 1300 వాట్ల పూర్తి భారంతో ఆగకుండా నడిపినా అది ఎనిమిది నిమిషాలు వస్తుంది, 18 మి.మీ. ప్లైవుడ్ అంత భారం వేయదు కూడా. వానాకాలంలో ఉబ్బి గడపకు రాసుకునే టేకు తలుపును కింద అంగుళం కోయడానికి మోటారు ఎక్కువ కష్టపడుతుంది గానీ, ఆ కోత మూడడుగులే. అందువల్ల మధ్యలో చార్జింగ్ అయిపోతుందేమోనన్న భయం ఇంటి వాడకందారుకు అక్కర్లేదు.

మీ లెక్కలో ఒకటి రెండు షీట్లకు మించి లేకపోతే అసలు రంపమే కొనవద్దని కూడా చెప్పాలి. కొలతలు రాసి ఇస్తే షీట్లను సైజుకు కోసి ఇచ్చే ప్లైవుడ్ దుకాణాలు ఉన్నాయి.

2. రంపం పని లేకుండా ఉండే రోజులను లెక్కలోకి తీసుకోండి

బ్యాటరీ రంపానికి అసలు ఖర్చు ఇక్కడే ఉంది. లిథియం అయాన్ బ్యాటరీ వాడినా వాడకపోయినా వయసు మీదపడి సామర్థ్యం కోల్పోతుంది. నిండా చార్జి చేసి వేడిలో ఉంచితే ఆ క్షీణత మరింత వేగంగా జరుగుతుంది. మన ఇళ్లలో పనిముట్లు చేరే చోటు అటక, లేదా డాబా మీది రేకుల గది. మే నెలలో బయట 44, 45 డిగ్రీలున్నప్పుడు ఆ రేకుల కింద ఇంకెంత వేడి ఉంటుందో ఊహించవచ్చు. బ్యాటరీ కాగి ఉన్నప్పుడు చాలా చార్జర్లు, అది చల్లబడే వరకు చార్జింగ్ మొదలుపెట్టవు. కాబట్టి బ్యాటరీ రంపం కొనేవారు బ్యాటరీలను సగం చార్జింగ్‌తో, ఇంట్లో చల్లని గదిలోని అల్మారాలో ఉంచి, కొన్ని నెలలకొకసారి తీసి చూసుకోవాలి. ఇంత శ్రద్ధ పెట్టినా, కొన్నేళ్ల తరువాత రంపం కొత్తగానే ఉండి బ్యాటరీలు మాత్రం మార్చవలసి రావచ్చు. అప్పటికి ఆ నమూనా బ్యాటరీలు బజారులో దొరుకుతాయో లేదో కూడా చూసుకోవాలి. వైరున్న రంపానికి ఈ బాధ లేదు. పదేళ్లు పెట్టెలో ఉంచి తీసినా ప్లగ్గులో పెడితే తిరుగుతుంది.

3. ఇంట్లో కరెంటు ఏర్పాటు చూసుకోండి

మకిటా ఎస్‌పీ6000 1300 వాట్లది, బాష్ జీకేటీ 55 జీసీఈ 1400 వాట్లది. 230 వోల్టుల వద్ద 1300 వాట్లంటే సుమారు 5.7 ఆంపియర్లు. అంటే స్విచ్ బోర్డులోని మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గుకు అది దాదాపు చివరి హద్దు. గీజరుకో ఏసీకో పెట్టిన 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు నుంచి వైరు లాగడమే క్షేమం. ఎక్స్‌టెన్షన్ బాక్స్ కొనేటప్పుడు పొడవు కాక వైరు మందం అడగండి: కనీసం 1.5 చదరపు మి.మీ. రాగి తీగ ఉండాలి, దూరం ఎక్కువైతే 2.5 ఉండాలి. చుట్టగా ఉన్న వైరును పూర్తిగా విప్పి పరచండి. చుట్టలోనే వదిలేస్తే అది వేడెక్కుతుంది. ఇంట్లో లైట్లకూ ఫ్యాన్లకూ పెట్టుకున్న చిన్న ఇన్వర్టర్ ఈ రంపాన్ని మోయలేదు కాబట్టి, కరెంటు పోతే పని ఆగవలసిందే.

అమెరికా నుంచి వచ్చే బంధువులతో రంపం తెప్పించుకోవాలనుకునేవారికి ఒక హెచ్చరిక. అక్కడి వైరు రంపం 120 వోల్టులది. దానిని ఇక్కడి ప్లగ్గులో పెడితే మోటారు కాలిపోతుంది. బ్యాటరీ రంపం నడుస్తుంది గానీ, 120 వోల్టులని మాత్రమే రాసి ఉన్న చార్జర్ ఇక్కడ పనికిరాదు. విడి లిథియం బ్యాటరీలను విమానంలో చెకిన్ సామానులో వేయకూడదు, క్యాబిన్ బ్యాగులోనే తేవాలి. 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి.

4. దుమ్ము గొట్టాన్ని మరచిపోకండి

బ్యాటరీ రంపానికి చెప్పే గొప్ప సుగుణం తోక లేకపోవడం. కానీ ఇంటి లోపల ఎండీఎఫ్‌నో (చెక్క నారను జిగురుతో అదిమి చేసే పలక) ప్లైవుడ్‌నో కోసినప్పుడు లేచే మెత్తటి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. అందుకే రంపం వెనుక వాక్యూమ్ క్లీనర్ గొట్టం తగిలిస్తారు. వేలెడు లావు వైరును వదిలించుకుని చేతి మణికట్టంత గొట్టాన్ని కట్టుకున్నాక ఇక తోక లేనిదెక్కడ? వైరు రంపమైతే ఆ వైరునే గొట్టానికి పట్టీలతో కట్టేస్తే రెండూ కలిసి ఒకే తోక అవుతాయి.

ఆ తోకతో వచ్చే చిక్కు నాకు బాగా అనుభవం. మా ఇంటి టీవీ యూనిట్ పలకను కోస్తుండగా వైరు మలుపు ట్రాక్ చివరి అంచుకు తగులుకుంది. రంపం సగంలో ఆగింది, బ్లేడు తిరుగుతూనే ఉంది. అదేమిటా అని వెనక్కి చూసే రెండు క్షణాల్లో అంచు మీద గోరంత నల్లటి మచ్చ పడింది. గరుకు కాగితంతో ఎంత రుద్దినా దాని ఛాయ పోలేదు. అప్పటి నుంచి కోత మొదలుపెట్టే ముందు వైరునూ గొట్టాన్నీ భుజం మీదుగా వేసుకుని, రంపాన్ని ఆపి ఉంచే ఒకసారి ట్రాక్ ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిపి చూస్తున్నాను.

5. మీరు మినహాయింపులోకి వస్తారేమో చూడండి

డ్రిల్లు, గ్రైండరు ఏదో ఒక కంపెనీ బ్యాటరీలతో ఇప్పటికే నడుపుతున్నవారు అదే కంపెనీ రంపాన్ని బ్యాటరీలు లేకుండా విడిగా కొనుక్కోవచ్చు. అలాంటివారికి బ్యాటరీ రంపమే లాభం, ఎందుకంటే వారి బ్యాటరీలు ఊరికే పడి ఉండవు. అయితే ఒకే కంపెనీలోనూ తేడాలుంటాయి. మకిటా 40 వోల్టుల రంపానికి అదే కంపెనీ 18 వోల్టుల బ్యాటరీలు పట్టవు. కరెంటు లేని కొత్త ఫ్లాటులో, పొలం దగ్గరి షెడ్డులో, ఆరుబయట పని చేసేవారికి కూడా బ్యాటరీదే తగినది.

6. డబ్బు కట్టే ముందు ట్రాక్, బ్లేడు అడగండి

కొన్ని ప్యాకేజీలలో ట్రాక్ ఉండదు, విడిగా కొనాలి. 1400 మి.మీ. ట్రాక్ షీట్‌ను అడ్డంగా కోయడానికి సరిపోతుంది. నిలువునా కోయాలంటే అలాంటివి రెండు, వాటిని కలిపే జాయింట్లు కావాలి. సన్‌మైకా అంటించిన పలకల అంచు పెచ్చులు లేవకుండా ఉండాలంటే 48 పళ్ల బ్లేడు ఉండాలి. బ్యాటరీదైతే రెండు బ్యాటరీలు, చార్జర్ కలిపిన ధరను, వైరుదైతే ఎక్స్‌టెన్షన్ బాక్స్ కలిపిన ధరను పక్కపక్కన రాసుకోండి.

ఇంటికి తెచ్చాక మొదటి కోతను పనికిరాని ముక్క మీద వేయండి. ట్రాక్ అంచున ఉండే రబ్బరు పట్టీని ఆ మొదటి కోతలోనే బ్లేడు తన కొలతకు కోసుకుంటుంది, ఆ తరువాత గీత మీద పెట్టవలసింది ఆ అంచునే. పలక కింద థర్మోకోల్ షీట్ పరచి, లోతును ట్రాక్ మందం కూడా కలుపుకుని, బ్లేడు పలక అడుగు నుంచి నాలుగైదు మిల్లీమీటర్లు మాత్రమే బయటకు వచ్చేలా పెట్టండి. కళ్లద్దాలు, మాస్కు, చెవులకు రక్షణ పెట్టుకోండి. బ్లేడు మార్చేటప్పుడు వైరు రంపమైతే ప్లగ్గు, బ్యాటరీ రంపమైతే రెండు బ్యాటరీలూ తీసి పక్కన పెట్టిన తరువాతే పానా పట్టుకోండి.