జపాన్ వాళ్లకి ‘ట్రస్ట్’, ‘కాన్ఫిడెన్స్’ నేర్పాలంటే

ఆఫీసులో పక్క సీటు జపాన్ కొలీగ్ "నాకు కాస్త ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పుతారా" అని అడిగితే మొహమాటానికి సరే అనేస్తాం. వాతావరణం, తిండి, సెలవుల కబుర్లు అయిపోయాక అసలు చిక్కు మొదలవుతుంది. బిలీవ్, ట్రస్ట్, రిలై, కాన్ఫిడెన్స్, ఫెయిత్. నమ్మకానికి సంబంధించిన ఈ గుంపు దగ్గర బాగా చదువుకున్నవాళ్లు కూడా తడబడతారు. టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్షలో 990కి 800 దాటినవాళ్లు "ఐ బిలీవ్ మైసెల్ఫ్" అనడం నేను తరచూ వింటాను.

నేనుండేది టోక్యోలో, మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి కసాయ్. శనివారం పొద్దున్న ఇంటికి దగ్గర్లోని కమ్యూనిటీ హాల్లో పెద్దవాళ్లకి ఇంగ్లిష్ సంభాషణ క్లాసు చెప్తాను. బ్యాంకులో చేసి రిటైరైన ఒక పెద్దాయన, ఒక నర్సు, కొందరు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు, కొందరు గృహిణులు వస్తారు. గ్రామర్ అడిగితే తిరిగి నాకే పాఠం చెప్పగలరు. అందుకే రూల్స్ జోలికి పోను. ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అంటున్నారన్నదే పట్టుకుని నేర్పుతాను. మీరూ అలాగే చేయండి.

మొదట వాళ్ల మాటలు బోర్డు మీదికి రప్పించండి. షిన్‌జిరు అంటే నమ్మడం. షిన్‌యో, షిన్‌రాయ్ రెండూ నమ్మకమే. జిషిన్ అంటే ఆత్మవిశ్వాసం. నాలుగింటిలోనూ ఒకే కంజి (చైనీస్ లిపి) అక్షరం ఉంటుంది, మనిషి గుర్తు పక్కన మాట గుర్తు. మీరు దాన్ని వంకరటింకరగా రాసినా సరే, ఆ ఒక్క అక్షరంతో క్లాసు మీ వైపు తిరుగుతుంది. షిన్‌యోకీ షిన్‌రాయ్‌కీ తేడా ఏమిటని అడిగితే మా బ్యాంకు పెద్దాయన క్షణం ఆలోచించకుండా చెప్పారు: షిన్‌యో కాగితాలు చూసి ఇచ్చేది, షిన్‌రాయ్ మనిషిని చూసి ఇచ్చేది. పేటపేటకీ కనిపించే చిన్న బ్యాంకుల్ని షిన్‌యో కింకో అనేది అందుకే. ఇంగ్లిష్‌లోకి వచ్చేసరికి ఈ రెండూ కలిసిపోయి అందరూ ట్రస్ట్ అనేస్తారు. కంపెనీ గురించో రిపోర్టు గురించో అయితే "రిలయబుల్" అనమని, మనిషి గురించైతే "ట్రస్ట్" అనమని చెప్పండి. మొదట్లో ఆ మాత్రం చాలు.

జిషిన్ అన్న మాటే భూకంపానికీ వాడతారు, అక్షరాలే వేరు. "జిషిన్ ఉందా?" అని అడిగితే కుర్రాళ్లు బల్ల కిందికి దూరినట్టు నటిస్తారు. ఆ జోకు ఏడాదికోసారి వేయొచ్చు, అంతకు మించి వద్దు.

ఇక "బిలీవ్", "బిలీవ్ ఇన్". జపనీస్‌లో "అనతా ఒ షిన్‌జితె ఇమస్" అంటే "మీరు చెప్పింది నమ్ముతున్నాను" అనీ అవుతుంది, "మీ మీద నాకు నమ్మకముంది" అనీ అవుతుంది. తెలుగువాళ్లం కాబట్టి మనకిక్కడ ఒక సౌకర్యం ఉంది. మనం మాటని నమ్ముతాం, మనిషి మీద నమ్మకం పెట్టుకుంటాం. ఆ "మీద" దగ్గరే ఇంగ్లిష్‌లో "ఇన్" వస్తుంది. వాళ్ల వాక్యం కూడా మనదానిలా క్రియతోనే ముగుస్తుంది కాబట్టి, తెలుగులో ఎలా ఉంటుందో బోర్డు మీద మాటకు మాట చూపిస్తే అమెరికా టీచరు చెప్పినదానికంటే త్వరగా పట్టుకుంటారు.

దీనికి నేను వాడే సందర్భాలు రెండు. ఒకటి, ఆఫీసుకి లేటుగా వచ్చిన ఉద్యోగి "రైలు ఆగిపోయింది సార్" అంటాడు. బాసు జవాబు "ఐ బిలీవ్ యు". ఇక్కడి రైల్వే వాళ్లు ఆలస్యమైతే చిఎన్ షోమెయ్‌షో అని ఒక చీటీ ఇస్తారు. అది చేతిలో ఉంటే బాసు నమ్మాల్సిన అవసరం కూడా ఉండదని ఎవరో ఒకరు అననే అంటారు, అననివ్వండి. రెండోది, ఎంట్రన్స్ పరీక్షకి బయల్దేరుతున్న కొడుకు చేతిలో అమ్మ కిట్‌క్యాట్ పెడుతుంది. ఆ పేరు జపనీస్‌లో "కిట్టో కత్సు", అంటే "తప్పక గెలుస్తావు" అన్నట్టు వినిపిస్తుంది కాబట్టి పరీక్షల రోజుల్లో దాన్ని ఇవ్వడం అలవాటైపోయింది. ఆ అమ్మ అనాల్సింది "ఐ బిలీవ్ ఇన్ యు". అక్కడ "ఇన్" తీసేస్తే ఏమవుతుందో వాళ్లచేతే చెప్పించండి. కొడుకు ఏమీ చెప్పకుండానే అమ్మ "నువ్వు చెప్పింది నిజమే" అన్నట్టు ఉంటుంది. ఇది అర్థమైతే "ఐ బిలీవ్ ఇన్ మైసెల్ఫ్" దానంతటదే దారిలో పడుతుంది.

"ట్రస్ట్"కి నేను ఎక్కువ సమయం ఇస్తాను. "ఐ ట్రస్ట్ యు" అనడం అందరికీ వచ్చు. రానిది "విత్". ఎవరి చేతిలో ఏది పెడతాం అన్న ప్రశ్న అది. క్లాసులో కాగితం మీద వరసగా రాయించండి: ఇంటి తాళంచెవి, ఫోన్ పాస్‌వర్డ్, చంటిపిల్ల, రహస్యం, జిత్సుఇన్. చివరిది మునిసిపల్ ఆఫీసులో రిజిస్టర్ చేయించిన ముద్ర, ఇల్లు కొనేటప్పుడూ కారు కొనేటప్పుడూ కాగితాల మీద గుద్దేది. ఒక్కొక్కటి ఎవరి చేతికిస్తారో "ఐ ట్రస్ట్ మై సిస్టర్ విత్ మై కీస్" అన్న వరసలో చెప్పమనండి. తాళాలు చెల్లెలికి, పిల్ల అత్తగారికి, రహస్యం కుక్కకి అంటూ హాయిగా సాగిపోతుంది. జిత్సుఇన్ దగ్గరికి వచ్చేసరికి గది నిశ్శబ్దం. మా నర్సు గారు కాస్త ఆగి "నో వన్. నాట్ మై హస్బెండ్" అన్నారు. బ్యాంకు పెద్దాయన ఆమెకి తలవంచి నమస్కారం చేశారు. ఆ రోజు తర్వాత ఆ క్లాసులో ఎవరూ "విత్" మర్చిపోలేదు.

అదే ఊపులో ఒమకసె కూడా ఎత్తుకోండి. సుషీ కొట్లో "మీ ఇష్టం, ఏది పెడితే అది తింటాను" అనడానికి వాడే ఈ మాట ఆఫీసులోనూ రోజూ వినపడుతుంది, "ఒమకసె షిమస్" అని. దాన్ని ఇంగ్లిష్‌లోకి "ప్లీజ్ డూ ఇట్" అని మారుస్తారు. వినేవాడికి అది పని నెత్తిన రుద్దినట్టు ఉంటుంది. "ఐ ట్రస్ట్ యువర్ జడ్జ్‌మెంట్" గానీ "ఐ విల్ లీవ్ ఇట్ టు యు" గానీ నేర్పితే అందులో ఉన్న మర్యాద కూడా దాటుతుంది.

"డిపెండ్ ఆన్" దగ్గర ఒక్క చిన్న ముక్క చూసుకోవాలి. తయోరి ని నరు అంటే ఆసరాగా ఉండే మనిషి అని. మెచ్చుకోవాలనుకుని "ఐ డిపెండ్ ఆన్ మై సన్" అంటారు. అలా అంటే ఆయన కొడుకు సంపాదన మీద బతుకుతున్నట్టు. "ఐ కెన్ డిపెండ్ ఆన్ మై సన్" అంటే మెప్పు. "కెన్" ఉందా లేదా, అంతే. "కౌంట్ ఆన్", "రిలై ఆన్" కూడా ఇదే దారి.

ఆశ్చర్యం వచ్చినప్పుడు జపాన్ వాళ్ల నోట ముందు వచ్చే మాట "ఉసో!" అంటే అబద్ధం. మన దగ్గర "ఛ, ఉత్తినే!" అన్నట్టు, కోపమేం ఉండదు. కానీ దాన్ని పట్టుకెళ్లి ఇంగ్లిష్‌లో "లై!" అనో "యు ఆర్ ఎ లయర్" అనో అంటే ఎదుటివాడి మొహం మాడిపోతుంది. "నో వే!", "రియల్లీ?" నేర్పండి. "షిన్‌జిరరెనై"కి "ఐ కాంట్ బిలీవ్ ఇట్" సరిపోతుంది. చివర "ఇట్" తీసి "యు" పెడితే మాత్రం తగువే.

ఇది నేర్పేవాళ్లకి: మన నోట్లో ఊరికే దొర్లే "ఐ హావ్ ఎ డౌట్" మానేయండి. మనకి అది ప్రశ్న. జపాన్ వాళ్లు స్కూల్లో నేర్చుకున్న "డౌట్" అంటే ఉతగౌ, అనుమానించడం. మీటింగులో మీరు చెయ్యెత్తి ఆ మాట అంటే, అవతల ప్రెజెంటేషన్ ఇస్తున్నాయన తన లెక్కల్ని మీరు నమ్మట్లేదనుకుని టెన్షన్ పడతాడు. "క్వశ్చన్" అంటే గొడవ లేదు.

అసలు కష్టమంతా కాన్ఫిడెన్స్ దగ్గర ఉంది. "బీ కాన్ఫిడెంట్!" అని వెన్ను తట్టే టీచర్లంటే నాకు పడదు. ఇక్కడ బాగా వచ్చినా "మదా మదా దెస్", ఇంకా రాలేదండీ అనడమే పద్ధతి. నలభై ఏళ్లు చేసిన పని గురించి అడిగినా పెద్దాయన అదే అంటారు. అలాంటివాళ్ల చేత మొదటి రోజే "ఐ యామ్ వెరీ కాన్ఫిడెంట్" అనిపిస్తే వాళ్ల చెవులకే గొప్పలు పోయినట్టు వినిపిస్తుంది, గొంతు సన్నబడిపోతుంది. ఇంటర్వ్యూలో ఆ సన్నబడిన గొంతే పట్టిస్తుంది.

నేను మెట్లు మెట్లుగా పోతాను. మొదటి మెట్టు "ఐ యామ్ కంఫర్టబుల్ విత్": ఎక్సెల్‌తో, ఫోన్ కాల్స్‌తో, జావాతో. గొప్ప చెప్పుకున్నట్టు ఉండదు, పని వచ్చన్న సంగతీ తెలుస్తుంది. ఇది ఎవరైనా మొదటి రోజే అనగలరు. రెండోది "ఐ యామ్ ఫెయిర్లీ ష్యూర్". మూడోదే కాన్ఫిడెంట్, అదీ తన గురించి కాదు, పని గురించి: "ఐ యామ్ కాన్ఫిడెంట్ వియ్ కెన్ ఫినిష్ బై ఫ్రైడే". "ఐ" బదులు "వియ్" రాగానే వాళ్ల భుజాలు దిగుతాయి. టీమ్ మీద నమ్మకం చూపించడానికి వాళ్లకేం మొహమాటం లేదు.

దీన్ని నేర్పకపోతే వాళ్లు వాడేది "ఐ విల్ డూ మై బెస్ట్". గంబరిమస్ అన్నమాటకి అదే అనువాదమని స్కూల్లో నేర్చుకున్నారు. జపాన్‌లో గంబరిమస్ అంటే ప్రాణం పెట్టి చేస్తాననే. అమెరికా క్లయింటో, మన హైదరాబాద్ మేనేజరో "శుక్రవారానికి అవుతుందా?" అని అడిగినప్పుడు "ఐ విల్ డూ మై బెస్ట్" అంటే మాత్రం "అవ్వకపోవచ్చు" అని వినిపిస్తుంది. అవుతుందంటే "యస్, ఐ యామ్ కాన్ఫిడెంట్ వియ్ కెన్". అవ్వదంటే "ఐ యామ్ నాట్ ష్యూర్ అబౌట్ ఫ్రైడే, బట్ ఐ యామ్ కాన్ఫిడెంట్ అబౌట్ మండే". రెండో వాక్యం మా సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకి ఎంత నచ్చిందంటే ఫోన్లో సేవ్ చేసుకున్నారు. కాదనడం, హామీ ఇవ్వడం రెండూ ఒకే ఊపిరిలో అయిపోతాయి కదా.

కాన్ఫిడెంట్‌కీ కాన్ఫిడెన్షియల్‌కీ తికమక పడేవాళ్లు ఉంటారు. ఒకసారి సరిదిద్ది వదిలేయండి, అదే పోతుంది. నర్సులు, కేర్ హోముల్లో చేసేవాళ్లు వస్తే అన్‌షిన్ గురించి అడుగుతారు, మనసు కుదుటపడటమని. దానికి ఒక్క మాట లేదు. రోగికి చెప్పాలంటే "యు ఆర్ ఇన్ గుడ్ హ్యాండ్స్" బాగుంటుంది.

ఉచ్చారణ చివర పెట్టుకోండి. మొదట్లోనే పెడితే నోరు విప్పరు. "ట్రస్ట్" జపనీస్ లిపిలో తొ, ర, సు, తొ అని నాలుగు దెబ్బలు. మనం "ట్రస్టు" అన్నట్టే, అచ్చుతో ముగించకపోతే వాళ్ల నోటికీ తృప్తి ఉండదు. చప్పట్లు కొట్టించండి, నాలుగు, తర్వాత రెండు, తర్వాత ఒకటి. "కాన్ఫిడెన్స్"లో మొదటి అక్షరం మీదే బరువు, అన్నీ సమానంగా లాగనివ్వొద్దు. "ఫెయిత్"ని జపనీస్ లిపిలో రాస్తే "ఫేస్" రాసినట్టే ఉంటుంది, రెండూ ఫెయిసు. "ఐ హావ్ ఫేస్ ఇన్ యు" వినీ వినీ నేను ఆ మాటని మొదటి ఆరు నెలలు పక్కన పెట్టేస్తాను. అది ఎక్కువగా దేవుడి విషయంలోనూ, కాంట్రాక్టుల్లో "ఇన్ గుడ్ ఫెయిత్" గానూ వస్తుంది. కాంట్రాక్టులు చదివేవాళ్లకి ఎలాగూ అవసరపడుతుంది, అప్పుడు నాలుక పళ్ల మధ్య పెట్టించి అద్దంలో చూపించండి.

హోంవర్కు మూడు వాక్యాలకి మించి ఇవ్వొద్దు. ఒకటి "విత్"తో, ఒకటి "ఇన్"తో, ఒకటి "వియ్ కెన్"తో. నోట్‌బుక్‌లో కాదు, వారంలో నిజంగా పంపిన మెయిల్లోదో చాట్‌లోదో అయ్యుండాలి. ఇంగ్లిష్‌లో రాయడానికి ఎవరూ లేరనే గృహిణులుంటే మీ నంబరివ్వండి, మీకే మెసేజ్ పెట్టమనండి.