కంప్యూటర్‌లో కమాను – 4వ పాఠం: ఒత్తిడి, స్థానం

పోయిన పాఠంలో సీసౌండ్‌లోని (కోడు రాసి ధ్వని పుట్టించే సాఫ్ట్‌వేర్) డబ్ల్యూజీబో (wgbow) ఆప్‌కోడ్‌తో ఒక్క స్వరం పలికించాం. ఆప్‌కోడ్ అంటే ఒక పని చేసిపెట్టే ఆదేశం; ఇది ఫిడేలు మీద కమాను లాగినట్టు పలికిస్తుంది. పలికింది గానీ, మొదటి నుంచి చివరిదాకా ఒకే తీరుగా ఉండిపోయింది. ఈసారి దాన్ని కదిలిద్దాం.

ఈ ఆప్‌కోడ్ తప్పనిసరిగా ఆరు విలువలు అడుగుతుంది: వరుసగా ఆంప్లిట్యూడ్ (ధ్వని తీవ్రత), ఫ్రీక్వెన్సీ (స్వరం ఎత్తు), ఒత్తిడి, కమాను స్థానం, వైబ్రాటో (స్వరంలో చిన్న వణుకు) వేగం, వైబ్రాటో మోతాదు. చివరిదాన్ని ఇవాళ్టికి సున్నా చేసేయండి. వైబ్రాటో ఉంటే లోపాలన్నీ దాని చాటున దాక్కుంటాయి.

స్థానం అంటే బ్రిడ్జి (తీగలు ఆనే చెక్క ముక్క) నుంచి కొలిస్తే కమాను తీగ పొడవులో ఎన్నో వంతు దగ్గర పడుతోందన్నది. సీసౌండ్ మాన్యువల్ చెప్పే మామూలు విలువ 0.127236, దాదాపు ఎనిమిదో వంతు. 0.025 నుంచి 0.23 దాకా జరుపుకోవచ్చు. బ్రిడ్జి వైపు జరిగేకొద్దీ స్వరం పదునెక్కుతుంది.

ఒత్తిడి దగ్గర నేను చాలా రోజులు తడబడ్డాను. మాన్యువల్ సుమారు 3 పెట్టమంటుంది, 1 నుంచి 5 దాకా పనికొస్తుందంటుంది. 5 అంటే గట్టిగా అదమడం అనుకున్నాను. కాదు. ఫిడేలు తీగ కమాను వెంట్రుకలకు అంటుకుని కాస్త దూరం వాటితో పోతుంది, పట్టు తప్పి వెనక్కి జారుతుంది, మళ్లీ అంటుకుంటుంది. 220 హెర్ట్జ్ స్వరంలో ఇది సెకనుకు 220 సార్లు జరుగుతుంది. ఈ ఆప్‌కోడ్‌లో ఒత్తిడి అంకె నిజానికి కమానుకూ తీగకూ మధ్య రాపిడిని చూపే గీత (గ్రాఫు) వాలు. వాలు పెరిగితే తీగ అంటుకుని ఉండే మేర తగ్గుతుంది. కాబట్టి చిన్న అంకె బరువైన చెయ్యి, పెద్ద అంకె తేలిక చెయ్యి. 1, 3, 5 పెట్టి మూడుసార్లు వినండి, తేడా చెవికే తెలుస్తుంది.

ఇప్పుడు రెండూ కలపాలి. కమాను బ్రిడ్జికి సగం దూరం దగ్గరైతే స్వరం నిలవడానికి కావాల్సిన కనీస బలం నాలుగింతలవుతుందనీ, గరిష్ఠ బలం మాత్రం రెండింతలే అవుతుందనీ 1973లో ఫిడేలు ధ్వనిని పరిశోధించిన జాన్ షెల్లెంగ్ లెక్కగట్టి చూపాడు. అంటే బ్రిడ్జి దగ్గర చెయ్యి బరువెక్కాలి, పొరపాటుకు చోటూ తగ్గుతుంది. అందుకే స్థానానికి 'లిన్‌సెగ్ 0.16, పీ3, 0.08' రాస్తే, ఒత్తిడికి 'లిన్‌సెగ్ 4, పీ3, 2' రాయండి. లిన్‌సెగ్ (linseg) అంటే మొదటి విలువ నుంచి చివరి విలువకు సమంగా జరిపే ఆప్‌కోడ్, పీ3 (p3) అంటే స్వరం నిడివి. ఈ 4, 2 నా చెవికి నచ్చిన అంకెలు, మీవి మీరు వెతుక్కోండి.

ఇంకొకటి, గమకాలు పలికించేవాళ్లకు ముఖ్యం. కనిష్ఠ ఫ్రీక్వెన్సీ చెప్పకపోతే ఈ ఆప్‌కోడ్ మొదటి స్వరాన్నే కనిష్ఠం అనుకుంటుంది, ఇక అంతకంటే కిందికి జారలేం. పంచమం నుంచి షడ్జమానికి, అంటే 330 నుంచి 220కి జారాలంటే, ఆ ఆరు విలువల తర్వాత ఏడో చోట సైన్ టేబుల్ (వైబ్రాటో అల ఆకారం దాచిన పట్టిక) నంబరు, ఎనిమిదో చోట కనిష్ఠ ఫ్రీక్వెన్సీగా 200 ఇవ్వండి.

వచ్చే పాఠానికి ఆ జారు నాలుగు సెకన్లలో చేసి, ఫైలు దాచుకోండి. కమాను దిశ మార్చడం దాని మీదే నేర్చుకుందాం.