ఉప్పు ఎడారిలో ఫోటోలు, 4వ పాఠం: పెట్టిన ప్లస్ తీసేయడం

"ఉప్పు మీద ఎక్స్‌పోజర్ ప్లస్ ఒకటి పెట్టండి" అని పోయిన పాఠంలో రాశాను. ప్లస్ పెడితే ఫోటో వెలుగు పెరుగుతుంది, మైనస్ పెడితే తగ్గుతుంది. ఆ మాట అందరూ పట్టుకున్నారు, కానీ వదల్లేదు. బొలీవియాలో ఉయుని నుంచి మూడు రోజుల జీపు యాత్ర చేసొచ్చిన ఒకరు ఫోటోలు పంపారు. మొదటి రోజు ఉప్పు పాలనురుగులా ఉంది, చాలా సంతోషం. రెండో రోజు ఫ్లెమింగోలు మాత్రం నీళ్లలో పడేసిన కాగితం ముక్కల్లా ఉన్నాయి. ఈకల్లో గులాబీ రంగు జాడే లేదు. తప్పు నాదే. ఎక్కడ పెట్టాలో చెప్పాను, ఎక్కడ తీయాలో చెప్పలేదు. అందుకే నక్షత్రాల పాఠం వచ్చే వారానికి జరిపాను.

కారణం ఇంకోసారి చెబుతాను. కెమెరా దేన్ని చూసినా అది నడిమి బూడిదరంగే అనుకుని వెలుతురు సరిచేస్తుంది. ఉయుని ఉప్పు మైదానం పది వేల చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఫ్రేము నిండా తెలుపే కాబట్టి కెమెరా దాన్ని బూడిదరంగుకు దించేస్తుంది, మనం ప్లస్ పెట్టి పైకి లేపుతాం. నల్లటి నీళ్లు నిండుగా ఉంటే ఇదే తిరగబడుతుంది. కెమెరా నీళ్లను బూడిదరంగుకు లేపబోయి, వాటిలో నిలబడ్డ తెల్ల పిట్టను ఈకలు కూడా కనబడని తెల్ల మచ్చ చేసేస్తుంది. అక్కడ మైనస్ పెట్టాలి.

ఐఎస్ఓ, షట్టర్ గురించి మళ్లీ రాయను. ఎత్తుకు అలవాటు పడటం గురించీ మొదటి పాఠంలోనే ఉంది.

అసలు చిక్కు వేరే ఉంది. ఈసారి వచ్చిన తప్పుల్లో సగం దానివల్లే జరిగాయి. మీరు ఫోటో బాగుందో లేదో తెరను చూసి తేలుస్తున్నారు. 3,656 మీటర్ల ఎత్తున, పైనుంచి ఎండ, కింద ఉప్పు నుంచి ఇంకో ఎండ. కళ్లకు నల్లద్దాలు. ఆ వెలుగులో ఏ తెరైనా చీకటిగానే కనిపిస్తుంది. అద్దాలు పోలరైజ్డ్ అయితే ఫోన్ అడ్డం తిప్పగానే తెర నల్లబడవచ్చు కూడా. "అయ్యో, చీకటిగా వచ్చింది" అని ఇంకో ప్లస్ పెడతారు. మళ్లీ చూస్తారు, మళ్లీ పెడతారు. రాత్రి బసలో దుప్పటి కప్పుకుని చూసేసరికి ఉప్పు మీద గీత కూడా మిగలదు. అలాగని అద్దాలు తీసేసి తిరగొద్దు, కళ్లు దెబ్బతింటాయి. నేను మెడలో ఒక నల్ల తువ్వాలు వేసుకుంటాను. దాన్ని తల మీదుగా కప్పుకుని, ఆ నీడలో అద్దాలు పైకి నెట్టి, రెండు సెకన్లు హిస్టోగ్రామ్ మాత్రమే చూస్తాను, అంటే ఫోటోలో చీకటి ఎంతుందో ఎడమవైపు, వెలుగు ఎంతుందో కుడివైపు చూపే గ్రాఫు. ఫోటో అందం చూడను, అది సాయంత్రం పని. గ్రాఫులో ఉప్పు గుట్ట మధ్యకు కుడివైపున ఉండాలి, కుడి గోడను తాకకూడదు. గోడకు అతుక్కుంటే అక్కడి ఉప్పు మళ్లీ రాదు.

ఫోన్లో హిస్టోగ్రామ్ లేదంటారా? ఫోటోను బాగా పెద్దది చేసి ఉప్పు పలకల అంచులు చూడండి. అక్కడ వానలు లేని నెలల్లో నేల అంతా పలకలు పలకలుగా విడిపోయి ఉంటుంది. పలకల మధ్య వేలెడు ఎత్తున గరుకు గట్టు లేస్తుంది, దాని మీద పంచదార పలుకుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి. ఆ పలుకులు విడివిడిగా కనిపిస్తే ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉన్నట్టే. గట్టు నీడ కోసమైనా పొద్దున్నే తీయండి. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికొస్తే గట్లు కనబడవు. మధ్యాహ్నం నేను కెమెరా సంచిలో పెట్టేసి భోజనం చేస్తాను.

ఇక ఫ్లెమింగోలు ఉండే మడుగులు. 4,278 మీటర్ల ఎత్తున ఉన్న లగునా కొలొరాదా నీళ్లు నాచు వల్ల, మట్టి వల్ల ఇటుక రంగులో ఉంటాయి. జీపు ఆగగానే, తలుపు తీయకముందే, ఎక్స్‌పోజర్ డయల్‌ను సున్నాకు తిప్పండి. పిట్టలకు మైనస్ ముప్పావు. అదే మడుగులో తెల్లటి బోరాక్స్ దిబ్బలూ ఉన్నాయి. అవి ఫ్రేములో సగం పైగా వస్తే ప్లస్ అరకు వెళ్లండి. లికాన్‌కాబుర్ అగ్నిపర్వతం కింది లగునా వెర్దేకు సున్నా చాలు. గాలి లేస్తే దాని ఆకుపచ్చ చిక్కనవుతుంది, కాబట్టి డ్రైవరును కాసేపు ఆగమని అడగండి. సోల్ దె మన్యానా ఆవిరి గుంటల దగ్గర తెల్లవారుజామున చలికి బ్యాటరీ పడిపోతుంది. రెండోదాన్ని లోపలి జేబులో, ఒంటికి ఆనేలా పెట్టుకోండి.

దూరంగా ఉన్న మనిషి దగ్గరి సీసా మీద నిలబడ్డట్టు కనిపించే ఫోటో గురించి చాలామంది అడిగారు. లెక్క చిన్నదే. 20 సెంటీమీటర్ల సీసా కెమెరాకు ఒక మీటరు దూరంలో ఉందనుకోండి. 170 సెంటీమీటర్ల మనిషి అందులో సగం, అంటే 10 సెంటీమీటర్లు కనిపించాలంటే 17 మీటర్ల దూరంలో నిలబడాలి. కెమెరా లెన్సు సీసా మూతకు కాస్త పైన ఉండేలా పెట్టాలి. రెండూ స్పష్టంగా రావాలంటే ఫోన్ మామూలు లెన్సే మేలు. పెద్ద కెమెరా అయితే వైడ్ లెన్సు, లెన్సు రంధ్రం బాగా చిన్నదయ్యే ఎఫ్ 16.

అభ్యాసం: మిట్టమధ్యాహ్నం డాబా మీద పెద్ద పళ్లెం నిండా కల్లుప్పు పోసి, ఫ్రేము అంచుల దాకా నింపి, మైనస్ ఒకటి, సున్నా, ప్లస్ ఒకటి, ప్లస్ రెండు తీయండి. నౌపడ దగ్గర ఉండేవాళ్లు ఉప్పు మళ్లకే వెళ్లండి. ఉయుని మైదానం అంచున ఉన్న కొల్చాని ఊళ్లోనూ ఉప్పును అలాగే కుప్పలు పోసి ఆరబెడతారు. తర్వాత పాత నల్ల గొడుగు గుడ్డ పరిచి, నడిమధ్య ఒక్క మల్లెపువ్వు పెట్టండి. రేకుల మడతలు కనిపించేదాకా మైనస్ దించుతూ పోండి. రెండూ నల్లద్దాలు పెట్టుకునే, తువ్వాలు కింద గ్రాఫు చూసుకుంటూనే చేయాలి. ఉప్పు నుంచి పువ్వుకు, పువ్వు నుంచి ఉప్పుకు పదిసార్లు మారండి. మారిన ప్రతిసారీ ముందు చెయ్యి డయల్ మీదికి వెళ్లిందో లేదో పక్కన ఒకరిని కూర్చోబెట్టి లెక్క రాయించండి. పదికి పది వచ్చాకే నక్షత్రాల పాఠం తెరవండి.