మామిడి మొదట్లో రంపపు పొట్టు కనిపిస్తే

పెరట్లో పాతికేళ్లు దాటిన మామిడి ఉంటే, కాపు దిగాక ఓసారి మొదలు దగ్గర వంగి చూడండి. రంపపు పొట్టులాంటిది రాలి, బెరడు మీద జిగురు కారుతుంటే కాండం తొలిచే పురుగు లోపల ఉన్నట్టే. మేం అది చీమలు తోడిన మట్టి అనుకుని రెండేళ్లు ఊడ్చి పారేశాం. పెద్ద కొమ్మ ఒకటి ఎండిపోయాక గానీ బుర్ర వెలగలేదు.

పాత సైకిల్ చువ్వ కన్నంలోకి పోనిచ్చి, లోపలున్న తెల్లటి పురుగును గుచ్చి లాగేయాలి. వేలెడంత ఉంటుంది, చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత పెట్రోల్లో ముంచిన దూది కుక్కి, తడి బంకమట్టితో కన్నం మూసేయండి. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల ఉండకూడదని వేరే చెప్పాలా! వారం తర్వాత కొత్త పొట్టు రాలితే మళ్లీ ఇదే పని.

ఎండుకొమ్మలు కోసిన చోట బూజు తెగులు పట్టకుండా బోర్డో పేస్టు అనే మందు పూయండి. 100 గ్రాముల మైలుతుత్తం అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో విడివిడిగా కరిగించి, ప్లాస్టిక్ బకెట్లో కలపాలి. ఇనుప డబ్బా వద్దు.

అన్నట్టు, వాకిలి శుభ్రంగా ఉంటుందని మొదలు దాకా సిమెంటు చేయించకండి.