అమెరికాకు మన మిక్సీ తెచ్చుకునే ముందు

పోయిన ఏడాది మా అత్తయ్య గుంటూరు నుంచి 750 వాట్ల మిక్సీ మోసుకొచ్చారు. పిన్ను మార్చే అడాప్టర్ పెట్టి గోడ సాకెట్‌కు పెట్టాను. నానిన మినప్పప్పులో బ్లేడు నీరసంగా తిరిగింది, పప్పు నలగలేదు. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన ఊళ్లో 230, 50. అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు.

అందుకే ముందు వస్తువు అడుగున ఉన్న స్టిక్కర్ చదవండి. "100-240" అని ఉంటే అడాప్టర్ చాలు. ఫోన్, ల్యాప్‌టాప్ ఛార్జర్లు దాదాపు అన్నీ ఇంతే. 230 అని మాత్రమే ఉంటే, వోల్టేజీని 120 నుంచి 230కి పెంచే పెట్టె, అంటే స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు కరెంటు ఎక్కువ లాగుతుంది కాబట్టి, మిక్సీ వాట్లకు రెట్టింపుది తీసుకోండి. నేను 1500 వాట్లది కొన్నాను. ఎత్తితే ఇటుకల మూటలా ఉంది, కానీ పిండి వెన్నలా వస్తోంది. ట్రాన్స్‌ఫార్మర్‌ని నేరుగా గోడ సాకెట్‌కే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ వైరు వద్దు. సింకుకు దూరంగా ఉంచండి. పని అయ్యాక ప్లగ్గు తీసేయండి.

ఇక్కడి హెయిర్ డ్రయ్యర్‌ని ఇండియాకు పట్టుకెళ్లడం ఇంకా ప్రమాదం. 120 వోల్టుల కాయిల్‌కు 230 ఇస్తే వేడి రెట్టింపు కాదు, దాదాపు నాలుగు రెట్లు అవుతుంది. మా చెల్లి చేతిలోనే పొగ వచ్చింది. దయచేసి దాన్ని ఇక్కడే వదిలేసి, అక్కడ వేరేది కొనుక్కోండి.

ఇంకా మిక్సీ కొనకపోతే, ఇక్కడి ఇండియన్ స్టోర్లలో ఇక్కడి కరెంటుకు సరిపోయే 110 వోల్టుల మిక్సీలు దొరుకుతాయి, ముందు వాటిని చూడండి.